మహేంద్రగిరికి జీపా, నడకా?

శివరాత్రి దగ్గరపడితే పర్లాకిమిడిలో మా ఇంట్లో ఏటా ఇదే గొడవ. జీపు మాట్లాడమని మా అత్తయ్య, శ్రీకాకుళం జిల్లా మందస వెళ్లి అక్కణ్ణుంచి నడిచి ఎక్కుదామని మా బావ. రెండు దారులూ ఎరిగినదాన్ని కాబట్టి తీర్పు నన్నడుగుతారు, చెప్పాక ఎవరూ వినరు.

కొండ ఉన్నది ఒడిశాలో, మా గజపతి జిల్లాలోనే, ఎత్తు 1501 మీటర్లు. అటు దిగితే శ్రీకాకుళం జిల్లా. కోయిన్‌పూర్ మీదుగా ఘాట్ రోడ్డులో జీపు దాదాపు కుంతి గుడి దాకా పోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇంకో దారి గురించి ఆలోచనే వద్దు. కానీ జీపులో వెళ్లినవాళ్లు కుంతి గుడిలోని గోకర్ణేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టి, పులిహోర తిని, ‘ఇక పోదాం’ అంటారు. ధర్మరాజు గుడికి కొందరు వెళతారు, శిఖరం దగ్గరున్న భీముడి గుడికి మరీ తక్కువమంది. అది చిన్నదే. కానీ ఆ రాళ్లు ఉన్నాయే, ఒక్కోటీ ఓ దిమ్మ! ఎండలో కూడా చల్లగా తగులుతాయి చేతికి. అది చూడకుండా దిగితే సగం కొండే చూసినట్టు.

పైగా శివరాత్రి రోజు జీపు సుఖం ఉత్త మాటే. ఓసారి బళ్లన్నీ వంపుల్లో ఇరుక్కుపోయాయి. డ్రైవరు మమ్మల్ని మధ్యలోనే దింపేశాడు. పట్టుచీర కుచ్చిళ్లు ఓ చేత్తో, కొబ్బరికాయల సంచీ ఇంకో చేత్తో పట్టుకుని అత్తయ్య ఎక్కింది. కిరాయి మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

నడక వేరు. జీడితోటలు దాటాక అడవి, అడవి దాటాక ఉన్నట్టుండి చెట్లు తగ్గిపోయి గడ్డి మొదలవుతుంది. అక్కడ గాలి తగలగానే చెమటకి తడిసిన జాకెట్టు వీపుకి అతుక్కుని వణుకొస్తుంది. స్వెట్టరు నడుముకి కట్టుకుని వెళ్లండి, సంచీ అడుగున పెడితే అందదు. మబ్బు లేకపోతే తూర్పున సముద్రం కనిపిస్తుంది. ఎక్కడం కంటే దిగడమే కష్టం, మర్నాడు మెట్లు చూస్తే భయమేస్తుంది.

ముఖలింగం దగ్గర రాజ్యమేలిన తూర్పు గాంగులు తమ రాగి శాసనాల్లో ఈ గోకర్ణస్వామినే కులదైవంగా చెప్పుకున్నారు. ‘వాళ్లేమన్నా జీపులో వచ్చారా?’ అంటాడు బావ. ‘పల్లకీలో వచ్చుంటార్రా’ అంటుంది అత్తయ్య.

నన్నడిగితే, ఒంట్లో ఓపికుంటే శివరాత్రికి నడకే మేలు. ముందూ వెనకా జనం, టార్చిలైట్లు, దారి తప్పే టెన్షన్ ఉండదు. మామూలు రోజుల్లో అయితే దారి తెలిసిన సవర మనిషి (అక్కడి గిరిజనులు) తోడు లేకుండా ఆ అడవిలో అడుగుపెట్టొద్దు. పెద్దవాళ్లని పండక్కి వారం ముందో తర్వాతో జీపులో తీసుకెళ్లండి, స్వామి ఎక్కడికీ పోడు.

ఈ మాట అత్తయ్య ఒప్పుకోదు, ఆవిడకి శివరాత్రి నాడే కావాలి. అయినా మందస దారి మీద మరీ అంత కోపం కూడా లేదు లెండి. బావ వచ్చేటప్పుడు అక్కణ్ణుంచి కోవా తెస్తాడు.