నోటితో చెప్పడమా, బొమ్మ చూపడమా?

కోనసీమ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో అయినా, ఇంకెక్కడైనా, "చెప్పులు విప్పు" అంటే ఆటిజం ఉన్న కొందరు పిల్లలు కదలరు. అది మొండితనం కాకపోవచ్చు. విన్నమాట అర్థం చేసుకుని స్పందించడానికి చాలామందికి ఎక్కువ టైం పడుతుంది. మరి ఏం చెయ్యాలో నోటితో చెప్పడం మేలా, ఆ పని బొమ్మ ఉన్న కార్డు చూపడం మేలా? పోల్చి చూద్దాం.

ఖర్చు: మాటకు పైసా అక్కర్లేదు. బొమ్మకు ప్రింటు, లామినేషన్ కావాలి. మన వానల్లో ఉత్త కాగితం నిలవదు.

శ్రమ: మాట నోట్లోనే ఉంటుంది. కార్డు వెతకాలి, ఇంట్లోనూ అదే వాడాలి.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. మాట పలకగానే మాయం. పిల్లాడు కదల్లేదని "కూర్చో నాన్నా, కూర్చోవా, ఇలా రా" అని మార్చి మార్చి అంటాం. వాడికి ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. బొమ్మ కళ్ల ముందే ఉంటుంది. 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్నవాళ్ల కోసం మొదలైన టీచ్ (TEACCH) కార్యక్రమం, చూసి గ్రహించే ఈ బలాన్నే వాడుకుంటుంది. అయితే రోజూ తినే గిన్నె కాక వేరే గిన్నె ఫోటో పెడితే అది అన్నం గిన్నె అని కొందరు పోల్చుకోరు.

మాట బాగా అర్థమయ్యే పిల్లలకు రెండు మూడు పదాలు చెప్పి, కాసేపు ఆగితే చాలు. మాటలు రాని వాళ్లకి, పని మారేటప్పుడు, సందడిలో బొమ్మే నయం. కాలవ గట్టు మీదైతే ఈ రెండూ కాదు, ముందు చెయ్యి పట్టుకోండి.