టిఫిన్ హోటల్లో మాస్టర్ నిలవాలంటే: అడ్వాన్సా, జీతమా, సెలవా?

ఆదివారం పొద్దున్న ఐదున్నర. దోసె పిండి పొంగి అంచుల దాకా వచ్చింది, అల్లం చట్నీ సిద్ధంగా ఉంది, సాంబారు మరుగుతోంది. పెనం మాత్రం చల్లగా ఉంది. దోసెలు పోసే మాస్టర్ ఫోన్ స్విచాఫ్. మేడ మీద గదికి వెళ్లి చూస్తే గోడకి మేకు ఉంది, దానికి తగిలించే సంచీ లేదు. అంతకు పది రోజుల ముందే చెల్లెలి పెళ్లని 40 వేలు అడ్వాన్స్ పట్టుకెళ్లాడు. ఆ పూట దోసెలు నేనే పోశాను. మొదటి డజను పెనాన్ని వదల్లేదు. రోజూ వచ్చే ఒక పెద్దాయన రెండో ముక్క నోట్లో పెట్టుకుని, "మాస్టర్ మారాడా?" అన్నాడు. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ బాధేసింది.

మాది విజయవాడలో చిన్న హోటల్. పద్నాలుగు మంది పనిచేస్తారు: ఇద్దరు మాస్టర్లు, వడలేసేవాడు, టీ మాస్టర్, సప్లయర్లు, పార్సిల్ కుర్రాళ్లు, గిన్నెలు తోమే ఆడవాళ్లు. మగవాళ్లలో ఎక్కువమందిది శ్రీకాకుళం జిల్లా, కొందరిది ఒడిశా. మనుషులు నిలవడానికి మా లైన్లో వాడే మందులన్నీ ఏదో ఒక రోజు వాడి చూసినవాణ్ణే. ఏది పనిచేసిందో, ఎవరి మీద పనిచేసిందో చెప్తాను.

ముందు అడ్వాన్స్ సంగతి. దీన్ని తిట్టడం తేలిక. కానీ పిల్లవాడికి ఫీజు కట్టాలన్నా, ఇంటి మీద రేకులు మార్చాలన్నా దోసె మాస్టర్‌కి ఏ బ్యాంకు అప్పిస్తుంది? మనం ఇవ్వకపోతే వారం వడ్డీ వాడి దగ్గరికి పోతాడు. అందుకే ఇస్తాం. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ డబ్బు మనిషిని కట్టేస్తుందని మనం అనుకుంటాం, అతని దృష్టిలో మాత్రం అది అతని రేటు. నాలుగు నెలలు తిరక్కుండానే పక్క వీధి ఓనరు 50 వేలు చూపిస్తాడు. మర్యాదస్తుడైతే మన బాకీ మన చేతికిచ్చి మనిషిని తీసుకెళ్తాడు, కాకపోతే మనిషి రాత్రికి రాత్రే సంచీ సర్దేస్తాడు. అదే మనిషిని ముగ్గురు ఓనర్లు మూడు రేట్లకి కొనుక్కున్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఇంకోటి కూడా చెప్పాలి. అడ్వాన్స్ తీరేదాకా గడప దాటడానికి లేదంటూ ఆధార్ కార్డు లాక్కుని పెట్టుకునే వాళ్లున్నారు. బాకీ పేరు చెప్పి మనిషిని పనికి కట్టేయడం 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. "మా దగ్గర ఎప్పటినుంచో ఇంతే" అంటే అక్కడ చెల్లదు. నేనిప్పుడు అడ్వాన్స్‌ని ఒక నెల జీతానికి మించనివ్వను. అది పోయినా ఏడవకూడదని ముందే అనుకుని ఇస్తాను.

ఇక జీతం పెంచడం. ఈ మాటొస్తే అందరూ ఫోర్డ్ కార్ల కథ చెప్తారు. 1913లో అమెరికాలో ఆ ఫ్యాక్టరీలో పద్నాలుగు వేల మందిని నిలబెట్టుకోవడానికి ఏడాదిలో యాభై రెండు వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజు కూలి రెండు డాలర్ల పైచిలుకు నుంచి ఐదు డాలర్లు చేశారు, పారిపోవడాలు తగ్గిపోయాయి. నిజమే. కానీ అక్కడ కూలి రెట్టింపైంది, చుట్టుపక్కల ఇంకెవరూ అంత ఇవ్వలేరు. నేను వెయ్యి పెంచితే ఎదురు హోటల్ వాడు పదిహేను వందలు పెంచుతాడు. పైగా మాస్టర్‌కి పెంచిన సంగతి సాయంత్రం టీ టైముకల్లా సప్లయర్లకి తెలిసిపోతుంది, మర్నాటి నుంచి ప్లేట్లు కాస్త గట్టిగా చప్పుడవుతాయి. అందరికంటే తక్కువ ఇస్తే మాత్రం కింద చెప్పబోయేవేవీ పనిచేయవు. బజారు రేటుకి సమానంగా ఇవ్వడం అందుకే తప్పనిసరి. దాని పైన ఇచ్చే ప్రతి రూపాయి మాత్రం ఎందుకో ఆలోచించి ఇవ్వాలి.

పీఎఫ్ (ముసలితనానికి దాచే డబ్బు), ఈఎస్‌ఐ (జబ్బుకీ దెబ్బకీ బీమా) రెంటినీ ఒకే గాటన కడతారు గానీ మనుషుల్ని నిలబెట్టే విషయంలో ఈ రెండూ వేరు. పదిమంది ఉంటే చాలు, జీతం నెలకి 21 వేల లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ కట్టి తీరాలి. మనది 3.25 శాతం, వాళ్లది 0.75. పద్దెనిమిది వేల జీతానికి నాకు 585 రూపాయలు, అతనికి 135. ఇంత తక్కువ ఖర్చులో ఇంత మంచి పేరు ఇంకెక్కడా రాదు. మా వడలేసేవాడి చేతి మీద నూనె ఒలికినప్పుడు గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చూపించుకున్నాడు. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి మానేదాకా జీతంలో 90 శాతం లెక్కన డబ్బు వచ్చింది. ఆ తర్వాత వాళ్ల ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు "కార్డు ఇస్తారంట కదా" అంటూ వాళ్లంతట వాళ్లే వచ్చారు. పేపర్లో వేసే ప్రకటనకి కూడా అలా రారు.

పీఎఫ్ అలా కాదు. ఇరవై మంది ఉంటేనే తప్పనిసరి, మా సైజు హోటల్ ఇష్టమైతే చేరొచ్చు. నా వైపు నుంచీ కట్టాలి, అతని జీతంలోనూ ప్రతి నెలా కోత పడుతుంది. ఇరవై నాలుగేళ్ల సప్లయర్‌ని అడిగాను. "చేతికి రానిది జీతం ఎలా అవుతుంది సార్?" అన్నాడు. తప్పు పట్టలేకపోయాను. నలభై దాటిన మాస్టర్ మాత్రం పుస్తకం తెచ్చుకుని పెన్షన్‌కి ఎన్నేళ్లు కావాలని అడిగాడు. పదేళ్లు అన్నాను. వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. వయసు ముదిరిన మనిషిని పీఎఫ్ ఆపుతుంది, కుర్రాణ్ణి ఆపదు. అందరికీ కడితే మంచిదే, కానీ మనుషులు నిలుస్తారన్న ఆశతోనే కడితే నిరాశ తప్పదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది సెలవు. వారానికో రోజు సెలవు ఇవ్వాలని 1988 నాటి మన దుకాణాల చట్టంలోనే ఉంది. మా లైన్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ, ఏళ్ల తరబడి నేనూ పట్టించుకోలేదు. ఇద్దరు మాస్టర్లకి వారానికో రోజంటే నెలకి ఎనిమిది రోజులు. ఆ రోజులకి రోజు కూలి మీద ఇంకో మాస్టర్ కావాలి. రోజుకి వెయ్యి అనుకుంటే ఎనిమిది వేలు. అదే డబ్బు జీతంలో కలిపితే ఒక్కొక్కరికి నాలుగు వేలు పెంచినట్టు. అంటే పోలిక సూటిగా ఇది: అవే ఎనిమిది వేలు నోట్లుగా ఇస్తే మేలా, నిద్రగా ఇస్తే మేలా?

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పెనం ముందు ఏడు గంటలు నిలబడి, మళ్లీ సాయంత్రం టిఫిన్‌కి ఎక్కే మనిషికి నిద్రే మేలని తేలింది. పెంచిన నాలుగు వేలు మూడో నెలకి మామూలు జీతమైపోతుంది. సెలవు రోజైన మంగళవారం మాత్రం ప్రతి వారమూ వస్తుంది. చట్టం చెప్పినది ఇచ్చి మెప్పు పొందడం ఏమిటని మా ఆవిడ ఎగతాళి చేసింది. ఆమె అన్నదీ నిజమే.

సప్లయర్ల దగ్గర ఈ లెక్క తిరగబడింది. వాళ్లు కుర్రాళ్లు, సెలవు రోజు కూడా పక్క ఫంక్షన్ హాల్లో వడ్డనకి పోయి డబ్బు తెచ్చుకుంటారు. వాళ్లకి నోట్లే ముద్దు, అదీ ఒకటో తారీఖునే. అయిదో తారీఖు అయిందంటే ఒకడు తగ్గినట్టే. గిన్నెలు తోమే ఆడవాళ్లకి ఈ రెండూ కాదు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండాలి. పని వేళ ముందుకి జరిపాం, అంతే. వాళ్లలో ఎవరూ మానలేదు.

అసలు పరీక్ష పెద్ద పండగ. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లలో సగం మంది తిరిగి రారని మా లైన్లో అందరికీ తెలుసు. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి నవంబరులోనే కూర్చుని పలాసకి పోను, రాను రెండు టిక్కెట్లూ మేమే కొంటున్నాం. వెళ్లే రోజుకి జీతం పైసా మిగల్చకుండా ఇచ్చేస్తాం. పండగ డబ్బు మాత్రం తిరిగొచ్చాక. దీన్ని అడ్వాన్స్‌కి తిరగేసిన బొమ్మ అనుకోండి. మొన్న పండక్కి వెళ్లిన అయిదుగురిలో ముగ్గురు చెప్పిన తారీఖుకే దిగారు. ఒకడు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు, బండి తప్పిపోయిందని స్టేషన్ నుంచే ఫోన్ చేశాడు. ఒకడు రాలేదు. నా పద్దులో ఇది మంచి సంవత్సరం.

ఇంకా దారి దొరకనిది ఒకటుంది. భోగి నాడు ఊళ్లో ఉండాలని అందరికీ ఉంటుంది, హోటల్ మూయడానికి లేదు. మొన్న చీటీలు వేశాం. టీ మాస్టర్ పేరు రాలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా టీ మాత్రం వేళకి గల్లా పెట్టె దగ్గరికి వచ్చేది, పంచదార కాస్త తక్కువగా.