కొత్త ల్యాప్‌టాప్ స్లోగా ఉంటే ఏది మేలు: ఆగడమా, ఫార్మాటా, ర్యామా, వాపసా?

కొత్త ల్యాప్‌టాప్ స్లోగా ఉందండీ అని వైజాగ్‌లో ఎవర్ని అడిగినా వచ్చే సమాధానాలు నాలుగే. ఒకాయన రెండ్రోజులాగు అదే సర్దుకుంటుంది అంటాడు, ఫ్రెండ్ ఫార్మాట్ కొట్టించేయ్ అంటాడు, షాపులో అబ్బాయి ఇంకో ర్యామ్ వేయించుకోండి సార్ అంటాడు, ఇంట్లో వాళ్ళు డబ్బులు పోసి కొన్నాం కదా వాపసిచ్చెయ్ అంటారు. నాలుగూ తప్పు కాదు. కాకపోతే ఏ ల్యాప్‌టాప్‌కి ఏది అన్నది చూడకుండా చెప్తారు, అక్కడే జనం నష్టపోతున్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ నాలుగింట్లో గడువు ఉన్నది ఒక్క వాపసుకే. ర్యామ్ ఆర్నెల్ల తర్వాత కూడా వేయించుకోవచ్చు, ఫార్మాట్ ఎప్పుడైనా చెయ్యొచ్చు, రీప్లేస్‌మెంట్ మాత్రం చాలా చోట్ల వారం పది రోజులే, కొన్నిచోట్ల అంత కూడా ఉండదు. అందుకని వాపసుని ఆఖరి మార్గంగా పక్కన పెట్టుకుని మిగతావన్నీ ట్రై చేస్తూ కూర్చోకండి. ఈ మెషీన్ బాగుపడే రకమా కాదా అన్నది బేగి తేల్చుకోండి, మిగతాది నిదానంగా చూసుకోవచ్చు.

తేల్చుకోవడానికి ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళండి. స్లోగా అనిపిస్తున్న ఆ టైమ్‌లోనే చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలీదు. సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్, ఈ మూడింట్లో ఏది నిండిపోయి ఉందో చూడండి. మెమరీ మీద నొక్కితే కింద రెండు లైన్లు ఉంటాయి, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయి, ఫామ్ ఫ్యాక్టర్ ఏంటి అని. అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే ర్యామ్ విడిగా పెట్టింది, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకే అతికించేసింది, దాన్ని మార్చలేం. డిస్క్ మీద నొక్కితే అది వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీయా, పాతకాలం హార్డ్ డిస్కా అన్నది కూడా రాసి ఉంటుంది. షాపులో అడగాల్సిన ప్రశ్నలకి సగం జవాబులు ఈ ఒక్క స్క్రీన్ మీదే ఉన్నాయి.

మా అన్నయ్య కూతురు ఇంజినీరింగ్‌లో చేరింది, మధురవాడ వైపు కాలేజీ. ద్వారకానగర్‌లో కొన్నారు ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఐ3-1215యూ ప్రాసెసర్. మర్నాడే ఫోన్. "బాబాయ్, క్రోమ్ తెరవడానికే ఇంతసేపు పడుతోంది, నాన్న వాపసిచ్చేద్దాం అంటున్నారు, ఏం చెయ్యమంటావ్?" "ఉండమ్మా, ముందు టాస్క్ మేనేజర్ తెరిచి ఫొటో పెట్టు" అన్నాను. డిస్క్ 100 శాతం. ప్రాసెసెస్‌లో పైనుంచి చూస్తే విండోస్ అప్‌డేట్ ఒకటి డౌన్‌లోడ్ అవుతోంది, ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ మొత్తం స్కాన్ చేస్తోంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్, తను ఫోన్ నుంచి ఎక్కించిన ఫొటోలన్నీ పైకి పంపుతోంది, సెర్చ్ ఇండెక్సర్ ఫైళ్ళన్నీ లెక్కపెట్టుకుంటోంది. నాలుగూ ఒకేసారి. ఇందులో మెషీన్ లోపం ఏమీ లేదు.

ఇలాంటి చోట "ఆగు" అన్న సలహానే మేలు, కానీ ఊరికే ఆగితే సరిపోదు. ఛార్జర్ పెట్టి, వైఫై కనెక్ట్ చేసి, స్లీప్‌లోకి పోకుండా ఓ రాత్రి వదిలెయ్యాలి, అప్‌డేట్లు పూర్తయ్యాక రీస్టార్ట్ చెయ్యాలి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఫ్రెష్‌గా మొదలవ్వదు. ఆ ట్రయల్ యాంటీవైరస్ తీసేస్తే విండోస్‌లో ఉండే డిఫెండర్ దానంతటదే ఆన్ అయిపోతుంది, మామూలు స్టూడెంట్‌కి అది చాలు. తర్వాత టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్‌లోకి వెళ్ళి అక్కర్లేనివి డిసేబుల్ చెయ్యండి, టచ్‌ప్యాడ్‌వి, ఆడియోవి మాత్రం కదపొద్దు. సెట్టింగ్స్‌లో పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, కొన్ని మోడల్స్‌లో ఎనర్జీ సేవర్ ఆన్‌లో ఉండిపోయి జనం హైరానా పడుతుంటారు.

ఇక్కడే ఇంకో సంగతి. హాస్టల్ పిల్లలు ఫోన్ టైప్-సీ ఛార్జర్‌నే ల్యాప్‌టాప్‌కి పెట్టేస్తుంటారు, చార్జ్ ఎక్కుతోంది కదా అని. పవర్ చాలకపోతే మెషీన్ తన స్పీడ్ తనే తగ్గించేసుకుంటుంది. సీపీయూ పేజీలో స్పీడ్ 0.4 గిగాహెర్ట్జ్ దగ్గరే అతుక్కుపోయి ఎంత పని ఇచ్చినా కదలట్లేదంటే కంపెనీ ఛార్జర్ పెట్టి చూడండి, దాంతో కూడా అలాగే ఉంటే మాత్రం అది సర్వీస్ సెంటర్‌కి పోవాల్సిన కేసు. వేడి సంగతీ అంతే. మే నెలలో మన ఊళ్ళో ఆ ఉక్కలో ఏసీ లేని గదిలో పరుపు మీద పెట్టుకుని వాడితే కింద గాలి కన్నాలు మూసుకుపోయి ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్ళి స్పీడ్ తగ్గించేస్తుంది. షోరూమ్ ఏసీలో బాగా నడిచింది ఇంటికొచ్చాక స్లో అయిందంటే ముందు టేబుల్ మీద పెట్టి ఫ్యాన్ కింద వాడి చూడండి.

ఇప్పుడు ఫార్మాట్. దీని మీద మనవాళ్ళకి ఉన్న నమ్మకం నాకు అర్థం కాదు. పాత మెషీన్‌లో ఏళ్ళ తరబడి చెత్త పేరుకుంటే ఫార్మాట్‌తో లాభం ఉంటుంది, కొత్తదాంట్లో పేరుకున్నదేముంది? కంపెనీ వేసిన నాలుగు యాప్స్ తీసెయ్యడానికి అన్‌ఇన్‌స్టాల్ బటన్ చాలు. పైగా కొత్త మెషీన్‌కి ఫార్మాట్‌తో వచ్చే చిక్కులు ఎక్కువ. విండోస్ 11లో కొత్త వెర్షన్లు, 2024 తర్వాతవి ముఖ్యంగా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేస్తున్నాయి, అంటే తాళం వేసేస్తున్నాయి, రికవరీ కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది, అది చూసుకోకుండా బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో, ఏదైనా మారిస్తే ఆ కీ అడుగుతూ కూర్చుంటుంది. ల్యాప్‌టాప్‌తో ఫ్రీగా వచ్చిన ఆఫీస్‌ని ముందు మీ అకౌంట్‌లో యాక్టివేట్ చేసుకోకుండా మొత్తం తుడిచేస్తే దాన్ని మళ్ళీ రాబట్టుకోవడం తలనొప్పి. పెన్‌డ్రైవ్‌తో వేద్దామంటే ఇంటెల్ 11వ తరం నుంచి చాలా మోడల్స్‌లో ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ విడిగా ఇస్తే గానీ ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడదు, అప్పుడు డిస్క్ పోయిందేమోనని గాబరా.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించేది, కొన్ని రిపేర్ షాపుల్లో కొత్త మెషీన్‌లో ఉన్న ఒరిజినల్ విండోస్ హోమ్ తీసేసి క్రాక్ చేసిన దొంగ ప్రో ఎడిషన్ వేసి పంపించడం. మీరు డబ్బు కట్టిన లైసెన్స్ మదర్‌బోర్డ్‌లోనే ఉంటుంది, అదే హోమ్ ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది, మళ్ళీ పైసా ఇవ్వక్కర్లేదు. కాబట్టి ఫార్మాట్‌కే మొగ్గితే షాపుకి వెళ్ళకుండా విండోస్‌లోనే రీసెట్ ఆప్షన్‌లో క్లౌడ్ డౌన్‌లోడ్ (విండోస్‌ని నెట్ నుంచి తాజాగా తెచ్చుకునేది) పెట్టి చేసుకోండి. విండోస్ నిజంగా పాడైనప్పుడు, ఎర్రర్లు వస్తూ అప్‌డేట్లు ఫెయిల్ అవుతున్నప్పుడు అది మేలే. ఉత్త స్లోకి మాత్రం నేను చెప్పను.

ర్యామ్ సంగతి వేరు, ఇది అసలైన మందు, రోగం అదే అయితే. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీసం 4 జీబీ, కానీ ఆ కనీసం మీద ఎవరూ సుఖంగా పని చేసుకోలేరు. 8 జీబీ అని రాసి ఉన్నా అందులో కొంత గ్రాఫిక్స్‌కి పోతుంది, అందుకే టాస్క్ మేనేజర్‌లో 7 చిల్లరో ఇంకా తక్కువో కనబడుతుంది. మా అన్నయ్య కూతురికి ఆ అప్‌డేట్ల గోల అయిపోయాక డిస్క్ చల్లబడింది, మెషీన్ మామూలైంది, కానీ కాలేజీలో కోడ్ ఎడిటర్, క్రోమ్‌లో ఓ పదిహేను ట్యాబులు, ఆన్‌లైన్ క్లాసు మూడూ కలిసి నడిస్తే మెమరీ 90 దాటేస్తోంది. స్లాట్లు చూస్తే రెండింట్లో ఒకటే వాడుకలో ఉంది. ఇంకో 8 వేయించాం, అంతే. రెండు స్టిక్కులు ఉంటే డ్యూయల్ ఛానల్ అవుతుంది, పెద్ద పెళ్ళిపందిరికి రెండో గుమ్మం తెరిచినట్టు, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని మెషీన్లలో గేమ్స్‌కి, వీడియో ఎడిటింగ్‌కి ఆ తేడా బాగా తెలుస్తుంది. ర్యామ్‌లో రకాలుంటాయి, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, చూసి కొనండి. రేట్లు 2025 చివర్నుంచి బాగా పెరిగాయి, కాబట్టి మెమరీ నిండుతోందని కళ్ళారా చూశాకే కొనండి. వెనక మూత తీస్తే వారంటీ ఉంటుందా అన్నది కంపెనీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి అడిగి, వీలైతే మెయిల్‌లో రాయించుకోండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా చెప్తుంది.

ఇక ఆగినా, ఫార్మాట్ కొట్టినా, డబ్బు పోసినా బాగుపడని మెషీన్లు ఉన్నాయి. సెలెరాన్ ఎన్4500 లాంటి ప్రాసెసర్, రెండే కోర్లు, దానికి తోడు ఎస్ఎస్‌డీ బదులు అంతకంటే నెమ్మదైన ఈఎంఎంసీ స్టోరేజ్ 64 జీబీయో 128 జీబీయో, ర్యామ్ 4 బోర్డుకి అతికించి. దీంతో బ్రౌజింగ్‌కే కష్టం. ఇంకో రకం పేరు చూసి మోసపోయేవి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ ప్రాసెసర్లున్నవి పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, అంకె ఒక్కటే తేడా, కానీ మొదటిది పాత తరం జెన్ 2 కోర్లు నాలుగు, రెండోది దాని తర్వాతి తరం జెన్ 3 కోర్లు ఆరు. 7 చూసి కొత్త తరం అనుకుంటాం, అసలు తరం చెప్పేది మూడో అంకె. పైగా 7520యూకి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, 8 జీబీ కొన్నారంటే ఎప్పటికీ 8 జీబీనే. ఆఫీస్ పనికి, సినిమాలకి సరిపోతుంది, కోడింగో ఎడిటింగో చేసే పిల్లలకి కొన్నారంటే మాత్రం గడువులోపు మార్చుకునే దారి వెతకండి, తేడా డబ్బులు కట్టైనా సరే. నాలుగేళ్ళు వాడే వస్తువు.

వాపసులో చిక్కు ఏంటంటే "స్లోగా ఉంది" అంటే ఎవరూ లోపంగా ఒప్పుకోరు. బాక్సు మీద రాసిన ర్యామ్, ప్రాసెసర్ లోపల ఉన్నవాటితో సరిపోకపోతే అది తిరుగులేని పాయింట్, ముందు అదే చూడండి. లోపమే అయితే రుజువు కావాలి, టాస్క్ మేనేజర్ కనబడేలా వీడియో తియ్యండి, రీసెట్ చేసినా అలాగే ఉందని చూపించండి, చాలా కంపెనీలు సర్వీస్ సెంటర్ నుంచి కాగితం తెమ్మంటాయి కాబట్టి ఆలస్యం చెయ్యకుండా కంప్లయింట్ నంబర్ తీసుకోండి. జీఎస్టీ బిల్లు, డబ్బా, లోపలి థర్మోకోల్ పారెయ్యకండి. మెషీన్ ఇచ్చే ముందు మీ డేటా తుడిచెయ్యండి.

షాపువాళ్ళు తిప్పుతుంటే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వైజాగ్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో ఎక్కడో బెంగళూరు సెల్లర్ దగ్గర కొన్నా 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.