కథకి ప్రాణం పెట్టిన గేములు, ఆడబోతే విసుగు: టార్మెంట్, విచర్, డిస్కో ఎలీసియమ్... ఏది మేలు?

"కథ బాగుండాల, ఫైటింగ్ గోల ఎక్కువ ఉండకూడదు, నా పాత ల్యాప్‌టాప్‌లో నడవాల, ఏదైనా గేమ్ చెప్పన్నా" అని మా కర్నూల్లో తమ్ముళ్ళు అడుగుతానే ఉంటారు, సీ క్యాంపు పక్క రూములు తీసుకుని కోచింగులకి పోయే పిల్లోళ్ళయితే మరీను. ఎండాకాలం మధ్యాహ్నాలు యాడికీ పోలేం కాబట్టి అప్పుడు ఇంకా ఎక్కువ అడుగుతారు. నేను ఎప్పుడూ మూడు పేర్లు చెప్తా: ప్లేన్‌స్కేప్ టార్మెంట్, విచర్ మొదటి భాగం, డిస్కో ఎలీసియమ్. మూడింట్లోనూ కథ గొప్పది, మూడింట్లోనూ ఆడే పని యాడో ఒకచోట విసుగు పుట్టిస్తుంది, కాకపోతే ఆ విసుగు యాడ ఉంది, ఎందుకు ఉంది అన్నది మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కో రకం. ఏది ఎంచుకోవాల అనేది దాన్నిబట్టే తేలుతుందని నా నమ్మకం.

టార్మెంట్ నుంచి మొదలుపెడదాం, నాకు ప్రాణం కాబట్టి. 1999 డిసెంబరులో వచ్చింది, బ్లాక్ ఐల్ స్టూడియోస్ చేసింది, లీడ్ డిజైనర్ క్రిస్ అవెలోన్. సిగిల్ అనే ఊళ్ళో శవాలు పెట్టే చోట ఒకాయన కళ్ళు తెరుస్తాడు, పేరు గుర్తులేదు, ఒళ్ళంతా గాట్లు, పక్కన మోర్ట్ అనే పుర్రె గాల్లో తేలుతా మాట్లాడుతుంటుంది. ఈయన చావడు, చచ్చినా మళ్ళీ లేస్తాడు, ముందు జన్మల్లాంటివి ఎన్నో గడిచిపోయాయి, వాటిల్లో తను ఎవరికి ఏం చేశాడో ఒక్కోటి తెలుసుకుంటా పోవడమే కథ. మామూలు గేముల్లో చచ్చిపోతే లోడ్ చేసుకుని మళ్ళీ ఆడతాం, ఇక్కడ చచ్చిపోవడం కూడా కథలో భాగమే, కొన్నిచోట్ల చచ్చిపోతేనే దారి దొరుకుతుంది.

అందులో డక్కాన్ అని ఒక మనిషి ఉంటాడు, ముసలాయన, చేతిలో కత్తి, మన హీరో వెంట నడుస్తా ఉంటాడు. ఆయన మనసు ఎట్లుంటే ఆ కత్తి అట్లా మారుతుంది. ఆయన దగ్గర రాతితో చేసిన గుండ్రటి పుస్తకం లాంటిది ఉంటుంది, తన జాతికి స్వేచ్ఛ తెచ్చిన జెర్తిమాన్ బోధలు అందులో ఉంటాయి, చక్రాలు తిప్పితే ఒక్కో పాఠం బయటపడుతుంది. మనం కూర్చుని ఒక్కో పాఠం చదివి నాకు ఇది అర్థమైంది అని ఆయనకి చెప్పాల, మన క్యారెక్టర్‌కి విజ్డమ్ (వివేకాన్ని కొలిచే అంకె) ఎక్కువుంటే ఆయన కూడా చూడలేనిది మనం చూస్తాం, గురువు మెల్లగా శిష్యుడవుతాడు. ఒక్క కత్తి దెబ్బ లేదు, ఒక్క శత్రువు లేడు, అయినా నేను ఆడిన ఏ బాస్ ఫైటూ (పెద్ద విలన్‌తో చేసే కొట్లాట) ఆ సంభాషణ ముందు నిలవదు. ఇంకో మాట, ఆయన మన వెంట ఎందుకు తిరుగుతున్నాడో తెలిసిన రోజు గుండె బరువెక్కుతుంది, అది మాత్రం నేను చెప్పను, మీరే తెలుసుకోవాల.

మరి విసుగు? ఉంది, దాచేదేం లేదు. ఫైట్లు ముద్దగా ఉంటాయి, మన వెంట తిరిగే జట్టు వాళ్ళు ఇరుకు సందుల్లో ఒకరికొకరు అడ్డం పడతారు, సిగిల్‌లోని హైవ్ అనే పేదల పేట వీధుల్లో రౌడీలు మాటిమాటికీ మీద పడతారు, కథ చివరి సగంలో కర్స్ట్ ఊరు దాటినాక మాటలు తగ్గి కొట్లాటలు పెరుగుతాయి, అక్కడ చాలామంది వదిలేస్తారు. కానీ ఫైట్లలో చాలావాటిని మాటల్తోనో పరిగెత్తో తప్పించుకోవచ్చు, డిఫికల్టీ తగ్గించుకోవచ్చు. ఈ గేమ్‌లో ఎక్కువ ఎక్స్‌పీరియన్స్ (మన క్యారెక్టర్ ఎదగడానికి వచ్చే పాయింట్లు) వచ్చేది మనుషుల్ని కొట్టినందుకు కాదు, మాట్లాడినందుకు. 2017లో బీమ్‌డాగ్ అనే కంపెనీ వాళ్ళు ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ (మెరుగుపరిచిన కొత్త కూర్పు) తెచ్చారు, గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది, ఆండ్రాయిడ్‌లో కూడా ఉంది, కాకపోతే అంత టెక్స్ట్ ఫోన్లో చదివితే కళ్ళు పోతాయి, ట్యాబ్ ఉంటే మేలు.

విచర్ మొదటి భాగం 2007ది, సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళ మొదటి గేమ్, డబ్బుకి రాక్షసుల్ని వేటాడే గెరాల్ట్ అనే ఆయన కథ. దీంట్లో గొప్పతనం ఏందంటే నిర్ణయం ఇప్పుడు తీసుకుంటాం, ఫలితం ఎన్నో గంటల తర్వాత తగులుతుంది. మొదటి చాప్టర్‌లో ఏటి ఒడ్డున సరుకు పెట్టెలు ఎల్ఫ్ తిరుగుబాటుదార్లకి వదిలిపెట్టామనుకోండి, తర్వాతి చాప్టర్‌లో మనకి కావాల్సిన ఒక మనిషి వాళ్ళ బాణాలకే చచ్చిపడి ఉంటాడు. అప్పటికి పాత సేవ్‌కి పోదామన్నా మనసొప్పదు, అంత దూరం వచ్చేసి ఉంటాం. ఆ ఆలోచనకి నేను దండం పెడతా. కానీ ఆడడం మాత్రం... కర్సర్ మెరిసినప్పుడు క్లిక్, మళ్ళీ మెరిసినప్పుడు క్లిక్, అదే ఫైటు. బలమైన శత్రువులకి కత్తి తిప్పే స్టైల్ ఒకటి, చురుకైనోళ్ళకి ఒకటి, గుంపుకి ఒకటి, అంతకుమించి లేదు. రెండో చాప్టర్‌లో బురద చిత్తడికీ ఊరికీ మధ్య తిరిగే తిరుగుడు చూస్తే ఓపికున్నోడికి కూడా నీరసం వస్తుంది. 2008లో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ వచ్చి లోడింగ్ తగ్గింది గానీ తిరుగుడు తగ్గలేదు.

ఇక్కడే అసలు తేడా. మన ఎగువ అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి దగ్గరికి ఎక్కే దారి కష్టమే, రాళ్ళు, నీళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అయినా ఆ ఎక్కడం దర్శనంలో భాగం. ఆళ్ళగడ్డ బస్టాండ్‌లో రాని బస్సు కోసం నిలబడేది మాత్రం ఉత్త కాలయాపన. టార్మెంట్‌లో గంటలు గంటలు చదవడం మొదటి రకం, విచర్‌లో చిత్తడి నడక రెండో రకం. చదవడం కూడా విసుగే అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళని తప్పుపట్టను, కానీ ఆ చదువు తీసేస్తే టార్మెంట్ మిగలదు, విచర్‌లో ఆ తిరుగుడు తీసేస్తే గేమ్ ఇంకా బాగుపడుతుంది.

డిస్కో ఎలీసియమ్ ఈ చిక్కుని మొదట్నుంచే తప్పించుకుంది. 2019 అక్టోబరులో వచ్చింది, చేసింది జా/ఉమ్ స్టూడియో. ఫైట్ సిస్టమ్ అనేదే పెట్టలేదు. ఒక తాగుబోతు డిటెక్టివ్ అన్నీ మర్చిపోయి హోటల్ రూములో లేస్తాడు, బయట చెట్టుకి ఒక శవం వేలాడుతుంటుంది, ఆ కేసు ఛేదించాల. 24 స్కిల్స్ ఉంటాయి, అవి హీరో తలలో కూర్చుని తలా ఒక మాట చెప్తుంటాయి, ఒకటి రెచ్చగొడుతుంది, ఒకటి జాలిపడుతుంది, ఒకటి పుస్తకాల పాండిత్యం ఒలకబోస్తుంది. ఏ పనికైనా రెండు పాచికలు పడతాయి, ఓడినా కథ ఆగదు, కొన్నిసార్లు ఓడితేనే ఇంకా బాగుంటుంది. పక్కన కిమ్ కిట్సురాగి అనే తోటి పోలీసు ఉంటాడు, ఆయన ముందు తప్పు చేయాలంటే మనకే సిగ్గేస్తుంది, అంత బాగా రాశారు.

దీంట్లోనూ విసుగు లేకపోలేదు. మార్టినేజ్ అనే ఆ చిన్న పేటలోనే అటూ ఇటూ నడవాల, ఒక చెక్ (పాచికలేసి చేసే ప్రయత్నం) పోతే చాలాసార్లు ఆ స్కిల్‌కి పాయింట్ వచ్చేదాకా దాని జోలికి పోలేం, మాట్లాడితేనో చదివితేనో తప్ప గడియారం కదలదు కాబట్టి రాత్రి ఫలానా టైముకి రమ్మంటే ఏదో ఒకటి చేసి పొద్దు పుచ్చాల. ఇంగ్లీషు కూడా తేలిక కాదు. అయితే 2021లో వచ్చిన ఫైనల్ కట్ అనే కొత్త కూర్పులో మొత్తం డైలాగులకి గొంతులు ఇచ్చారు, చదవడం నిదానంగా సాగేవాళ్ళకి అది పెద్ద ఆసరా, వింటా చదివితే అర్థమైపోతుంది. టార్మెంట్‌లో ఆ సాయం లేదు, గొంతులు అక్కడక్కడా రెండు మూడు వాక్యాలకే ఉంటాయి.

యూట్యూబ్‌లో కథ చూసేస్తే పోలేదా అంటారు. విచర్ మొదటి భాగానికి అయితే నిజంగా అదే మేలు, మూడో భాగం ఆడాలని ఆత్రంగా ఉన్నోళ్ళు ఒక వీడియోలో కథ చూసుకుని ముందుకి పోండి, లేకుంటే ఆగండి, 2022లోనే రీమేక్ ప్రకటించారు. మిగతా రెండింటికీ మాత్రం వీడియో పనికిరాదప్పా. టార్మెంట్‌లో మనకి గుర్తొచ్చే జ్ఞాపకాలు మన విజ్డమ్‌ని బట్టి వస్తాయి, వీడియోలో చూసేది ఇంకొకడి మనసు, వాడు అడిగిన ప్రశ్నలు, వాడు వదిలేసిన ప్రశ్నలు. మనిషి స్వభావాన్ని ఏది మార్చగలదు అని ఆ గేమ్ అడుగుతుంది, దానికి జవాబు మన నోటితో మనం చెప్పాల.

ఎవరైనా ఒకటే చెప్పమంటే, ఈ రకం గేములు ఎప్పుడూ ఆడనోళ్ళకి ముందు డిస్కో ఎలీసియమ్ అంటా, గొంతులు ఉన్నాయి, ఫైట్లు లేవు, ల్యాప్‌టాప్ మాత్రం కొంచెం మంచిది కావాల. కానీ మూడింట్లో ఏది గొప్పది అంటే నా ఓటు టార్మెంట్‌కే, దాని మొరటు ఫైట్లతో సహా. మొదలుపెట్టేటప్పుడు మన క్యారెక్టర్ గుణాలకి పంచుకోను 21 పాయింట్లు ఇస్తారు, బలానికి పెట్టి పాడుచేసుకోవద్దు, విజ్డమ్ నేరుగా 18కి తీసుకుపోండి, మిగిలినవి ఇంటెలిజెన్స్‌కీ కరిష్మాకీ పంచండి, శవాల గదిలో కనపడిన ప్రతి ఒక్కరితోనూ మాట్లాడి గానీ బయటికి రావద్దు.