మధ్య ఆసియా మీద ఆన్‌లైన్ కోర్సు, తీసుకోవచ్చా?

మధ్య ఆసియా రాజకీయాలు, భద్రత మీద ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నా, మొన్ననే అయిపోయింది. ఫెర్గానా లోయ క్లాసు ఒక్కటి చాలండి, పెట్టిన డబ్బులు వచ్చేసినట్టే. మ్యాప్ జూమ్ చేసి అక్కడ ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ మూడు దేశాల సరిహద్దులు ఎలా మెలికలు తిరిగాయో, సోఖ్ అనే ఉజ్బెకిస్తాన్ ముక్క చుట్టూ కిర్గిజ్‌స్తాన్ ఎలా ఉందో, తీరా అందులో ఉండేది ఎక్కువగా తజిక్‌లేనని చూపిస్తారు.

2005 మే 13న ఉజ్బెకిస్తాన్‌లోని ఆందిజాన్ ఊర్లో నిరసనకారుల మీద సర్కారు బలగాలు జరిపిన కాల్పుల పాఠం విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. చనిపోయింది సర్కారు లెక్కలో 187 మంది, హక్కుల సంఘాలేమో ఇంకా చాలా ఎక్కువంటాయి, అంతర్జాతీయ విచారణకి అప్పటి అధ్యక్షుడు కరీమోవ్ ఒప్పుకోనేలేదు.

తజికిస్తాన్‌లో అంతర్యుద్ధాన్ని ముగించిన 1997 శాంతి ఒప్పందంతో చట్టబద్ధమైన ఇస్లామిక్ పార్టీని 2015లో నిషేధించారు కదా, దానివల్ల తీవ్రవాదం తగ్గుతుందా, లేక కుర్రాళ్లు రహస్య గుంపుల వైపు పోతారా అనే చర్చ బాగా నడిపారు. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది.

తుర్క్‌మెనిస్తాన్‌ని మాత్రం పది నిమిషాల్లో తేల్చేశారు, అది తప్పు. సబ్‌టైటిల్స్‌లో ఊర్ల పేర్లన్నీ తప్పులే, కంప్లైంట్ పెట్టినా జవాబు లేదు. ఐదుకి నాలుగు స్టార్లు.