నాలుగేళ్లుగా హోమ్ అసిస్టెంట్

అంతకుముందు నేను వాడిన బల్బుల కంపెనీ తన సర్వర్లను మూసివేయడంతో, నిక్షేపంగా వెలుగుతున్న బల్బులు సైతం ఫోన్ నుంచి వచ్చే ఆదేశాలను అందుకోవడం మానేశాయి. ఆ అనుభవంతోనే, 2013లో పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మొదలైన, ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మారాను. ఇందులో నిర్ణయాలన్నీ ఇంట్లోని చిన్న కంప్యూటరే తీసుకుంటుంది కనుక, ఇంటర్నెట్ లేని రోజున కూడా తలుపు తీయగానే దీపం వెలుగుతుంది.

అయితే దీని మీద నమ్మకం మొదటి రోజునుంచే ఏర్పడలేదు. పరికరాల స్థితిలో వచ్చే ప్రతి మార్పునూ ఇది ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాసుకుని, మనం మార్చకపోతే 10 రోజులు దాచుతుంది. నా స్మార్ట్ ప్లగ్గు సెకనుకొకసారి వాట్ల లెక్క పంపుతుండడంతో, ఆ రాతల తాకిడికి, రాస్ప్‌బెర్రీ పై అనే ఆ చిన్న కంప్యూటర్‌లోని మెమరీ కార్డు ఏడాది తిరగకుండానే పాడైపోయింది. బ్యాకప్‌లు కూడా అదే కార్డులో ఉండడం పూర్తిగా నా నిర్వాకమే. ఆ తర్వాత కార్డుకు బదులు యూఎస్‌బీతో కలిపే ఎస్‌ఎస్‌డీ డిస్క్ పెట్టుకుంటే, ఈసారి జిగ్బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో పనిచేసే సెన్సర్లు ఒక్కొక్కటిగా జాడ లేకుండా పోసాగాయి. యూఎస్‌బీ 3.0 నుంచి వెలువడే రేడియో రొద, జిగ్బీ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పడుతుందని తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. జిగ్బీ సంకేతాలు అందుకునే డాంగిల్‌ను ఒక పొడవాటి కేబుల్‌తో దూరంగా జరపగానే సమస్య తీరిపోయింది.

కొత్త పరికరాలను కలుపుకునే వెసులుబాటే దీని అసలు బలం, నా దృష్టిలో బలహీనత కూడా అదే. బయటివారు రాసిన ఇంటిగ్రేషన్లు (పరికరాలను కలిపే కోడ్) ప్రధాన ప్రోగ్రామ్‌తో పాటు ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి కనుక, వాటిలో ఒకటి జవాబు కోసం ఎదురుచూస్తూ ఈవెంట్ లూప్‌ను (పనులను ఒకదాని తర్వాత ఒకటి నడిపే భాగాన్ని) పట్టి ఉంచితే, దానితో సంబంధం లేని దీపాలు కూడా ఆలస్యంగా స్పందిస్తాయి. అందువల్ల వీలైనవన్నీ ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి ద్వారా విడి ప్రోగ్రామ్‌లుగా మార్చుకున్నాను. అలా చేస్తే ఒకటి కూలినా మిగతావి నడుస్తాయి. రిటెయిన్ చేసిన (దాచమని గుర్తుపెట్టి పంపిన) సందేశాలను, సందేశాలు చేరవేసే బ్రోకర్ అనే ప్రోగ్రామ్ దాచి ఉంచడం వల్ల, హోమ్ అసిస్టెంట్‌ను రీస్టార్ట్ చేసిన వెంటనే ఆ పరికరాల చివరి స్థితి తెలిసిపోతుంది.

నెలనెలా వచ్చే కొత్త వెర్షన్‌ను మాత్రం, మార్పుల జాబితా చదివి, రెండు మూడు సవరణలు వెలువడిన తర్వాతే వేసుకుంటాను. పదకొండు బయటి ఇంటిగ్రేషన్లలో ఇప్పుడు రెండే మిగిలాయి. వాటిలో ఒకదానికి ఏడాదిగా కొత్త వెర్షన్ రాలేదని తెలిసినా, తీసేయడానికి మనసొప్పడం లేదు.