టేకు డైనింగ్ టేబుల్ చేయించుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు బల్లను తిరగేసి చూడండి

"అసలైన టేకు, ఎక్కడా ప్లైవుడ్ కలపలేదు, మీ మనవల దాకా ఉంటుంది" అని బల్ల చేసేవాళ్లు నమ్మబలికితే డైనింగ్ టేబుల్ చేయించుకున్నాం. వానలు పట్టగానే పైపలక అంచులు దొప్పలా పైకి లేచాయి. అంచు దగ్గర పెన్సిల్ పెడితే దానంతటదే మధ్యలోకి దొర్లుకొస్తోంది. తర్వాత గాలి పొడిబారాక వేలిగోరు దూరేంత బీట పడింది. ఇదేమిటని అడిగితే, "చెక్క అన్నాక కదులుతుంది, మీరు ఏసీ వేస్తున్నారు కదా" అన్నారు.

చెక్క కదులుతుంది, నిజమే. అది తెలిసినవాళ్లు బల్లను ఇలా చేయకూడదు కదా! తిరగేస్తే ఏముంది, అడ్డపట్టీలకు ఈ చివర నుంచి ఆ చివర దాకా జిగురు పూసి, స్క్రూలతో బిగదీసేశారు. అడుగున ఒక్క పూత పాలిష్ కూడా లేదు, ఉత్త చెక్క.

చెక్క పొడుగులో దాదాపు మారదు, మార్పంతా వెడల్పులోనే. చెక్కలో తేమ 4 శాతం మారితే 900 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు బల్ల 6 మిల్లీమీటర్ల దాకా సాగొచ్చు, కుంచించుకోవచ్చు. టేకు తక్కువ కదిలే రకం, దానికే ఇంత. బల్ల వెడల్పు వాటంలో పొడుగ్గా ఉన్న అడ్డపట్టీ మాత్రం మారదు. బల్ల కుంచించుకోబోతే అది పట్టుకుని ఆపుతుంది, అప్పుడు బీట పడక తప్పదు. ఇక పూత లేని వైపు నుంచి తేమ త్వరగా ఎక్కుతుంది. అడుగు ఉబ్బి, పైభాగం అంతగా ఉబ్బకపోతే బల్ల వంగిపోతుంది.

అందుకే బేరం కుదిరే ముందే అడగండి. పైపలకను ఫ్రేముకు ఎలా బిగిస్తారు? స్క్రూ రంధ్రాలు వెడల్పు వాటంలో కోలగా ఉండాలి, లేదా కదలనిచ్చే క్లిప్పులు వేయాలి. చివర్లకు అడ్డంగా పట్టీ పెడితే దానికి జిగురు మధ్యలో మాత్రమే ఉండాలి. పైనా కిందా ఒకే రకం పాలిష్, అన్నే పూతలు. పలకల చివరి కోత చూడండి, వలయాల నడిబొడ్డు కనిపించే పలక ఉంటే వద్దనేయండి, అది పగిలే రకం. కర్ర ఆరిందని నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు, చెక్కలో తేమను కొలిచే మాయిశ్చర్ మీటర్ పెట్టించండి. ఇళ్లలోకి సాధారణంగా 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. 18, 20 చూపిస్తే ఆ కర్ర మీ ఇంట్లోనే ఆరుతుంది, ఆరుతూ వంకర పోతుంది. ఇవన్నీ బిల్లు మీద రాయించుకోండి, మా దగ్గర ఆ కాగితం లేకపోవడమే వాళ్లకు కలిసొచ్చింది.

ఇప్పటికే కొనేసినవాళ్లు కూడా ఒకసారి కింద చూడండి. పట్టీలకు జిగురు లేకుండా స్క్రూలే ఉంటే, వాటిని విప్పి రంధ్రాలను కోలగా చేయించి, వాషర్ వేసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. అడుగున పాలిష్ లేకపోతే బల్ల చదునుగా ఉండగానే పూత వేయించండి. జిగురు పెట్టేసి ఉంటే మాత్రం మీరే పీకొద్దు, పైపలక చీలిపోతుంది. మంచి వడ్రంగిని పిలిచి పట్టీలను కోయించి తీయించండి.